తంజావూరు స్త్రీధర్మపద్ధతి : గృహవ్యవస్థ - స్త్రీవిద్య

క్రీ.శ. 17, 18 శతాబ్దులలో దక్షిణదేశమునందలి గృహవ్యవస్థను, అందు స్త్రీపురుషుల కర్తవ్యవిభాగమును తెలిసికొనుటకు సంస్కృత ధర్మశాస్త్ర నిబంధములును, తెలుగు కావ్యములును ప్రధానాధారములుగా నున్నవి. ధర్మశాస్త్రము విధివాక్యసముదాయము. అది ‘ఇట్లుండవలెను’ అని చెప్పునే గాని ‘ఇట్లుండెను’ అని చెప్పదు. అయినను, సంఘచరిత్రను వ్రాయువారు పలుతావుల విధిని వృత్తాంతముగా గ్రహించుటయు, దానినిబట్టి ఆ కాలపు స్త్రీలందరి స్థితిని నిర్ణయించుటయు కానవచ్చును. కావ్యమును మాత్రమే చూచువారు కవయిత్రుల పేర్లు కొన్ని పేర్కొని, ఆనాడు స్త్రీవిద్య సర్వత్ర వ్యాపించి యుండెనని చెప్పుటయు కలదు. ఈ రెండు నిర్ణయములును ఏకదేశములే. ఒకే నగరమున, ఇంచుమించు ఒకే కాలమున పుట్టిన రెండు వాఙ్మయములను పక్కపక్కన నుంచి చూచినచో విషయము స్పష్టమగును. అట్టి పరిశీలనకు తంజావూరు తగిన స్థలము.

గ్రంథము - గ్రంథకర్త

తంజావూరును నాయకరాజులు 1532 మొదలు 1673 వరకు పాలించిరి. అటుపిమ్మట మహారాష్ట్ర భోసల వంశీయులు రాజ్యమునకు వచ్చిరి. రాజవంశము మారినను సంస్కృతాంధ్రములకు ఆస్థానమున గల గౌరవము తగ్గలేదు. ఈ భోసలరాజుల కాలమున త్ర్యంబకయజ్వ ‘స్త్రీధర్మపద్ధతి’ అను సంస్కృత నిబంధమును రచించెను. ఈ గ్రంథమును సమగ్రముగా పరిశీలించి 1989లో ‘ది పర్ఫెక్ట్ వైఫ్’ అను ఆంగ్లగ్రంథమును వెలువరించిన జూలియా లెస్లీ, ఈతడు భోసలరాజుల అమాత్యుడును, రామాయణమునకు ‘ధర్మాకూతము’ అను వ్యాఖ్యను రచించినవాడును అగు త్ర్యంబకరాయమఖియే యని నిర్ణయించెను. ఆమె మతమున ఈతని జీవితకాలము 1665-1750.

స్త్రీధర్మములను చెప్పని స్మృతి లేదు. మనుస్మృతి, యాజ్ఞవల్క్యస్మృతి, వ్యాసస్మృతి, స్కాందమునందలి కాశీఖండము మున్నగువానిలో ఆ ప్రకరణములు ప్రసిద్ధములు. కాశీఖండమును 15వ శతాబ్దిలో శ్రీనాథుడు తెలుగు చేయుటవలన లోపాముద్రా పాతివ్రత్యప్రశంస తెలుగువారికి సుపరిచితమైనది. అంతకు రెండు శతాబ్దులు ముందే కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ ద్వారా యాజ్ఞవల్క్యస్మృతి విషయమును, దాని మితాక్షరావ్యాఖ్యను తెలుగునకు తెచ్చెను. అయితే ఈ గ్రంథములందు స్త్రీధర్మము ఒక భాగము మాత్రమే. త్ర్యంబకుడు దానినే ప్రధానవిషయముగా గైకొని, చెదరియున్న స్మృతిపురాణవచనముల నొక క్రమమున కూర్చి, ప్రత్యేకగ్రంథముగా సంతరించెను. గ్రంథమున ఐదు ప్రకరణములు కనబడును. మొదటిది పతిశుశ్రూషయే స్త్రీకి ముఖ్యధర్మమను ప్రతిజ్ఞ, రెండవది ఆహ్నికము, అనగా దినచర్య, మూడవది స్త్రీస్వభావచర్చ, నాల్గవది సర్వస్త్రీ సాధారణధర్మములు, ఐదవది పురాణేతిహాసకథలు. వీనిలో గృహవ్యవస్థా పరిశీలనకు రెండవ, మూడవ, ఐదవ ప్రకరణములు మిక్కిలి ఉపయుక్తములు.

గృహిణి దినచర్య

గృహిణి భర్తకంటె ముందు మేల్కొనవలెను. ఇష్టదేవతాస్మరణానంతరము ధాన్యమును సిద్ధపరచుట, ఇల్లూడ్చుట, గోమయముతో అలుకుట, గడపను అర్చించుట, గోసేవ చేయుట ఆమె తొలి పనులు. పిమ్మట శౌచము, దంతధావనము, స్నానము, వస్త్రధారణము, తిలకధారణము విధింపబడినవి. అగ్నిపరిచర్యయందు భర్తకు తోడ్పాటు, అత్తమామలకు నమస్కారము, దేవపూజాసామగ్రిని అమర్చుట, వంట, అతిథిసత్కారము, వడ్డన, భర్త భుజించిన పిదప భోజనము, సాయంకాలమున దీపారాధనము - ఇట్లు తెల్లవారకమున్ను మొదలై రాత్రి శయనము వరకు విధులు క్రమముగా సాగును.

ఈ క్రమము పురుషుని ఆహ్నికమునకు ప్రతిబింబముగా నిర్మింపబడినది. దక్షస్మృతి ద్విజుని పగటిని ఎనిమిది భాగములు చేసినది. అందు రెండవ భాగము వేదాభ్యాసమునకును, మూడవది పోష్యవర్గము నిమిత్తము ధనార్జనమునకును, ఐదవది వైశ్వదేవ భోజనములకును, ఆరు ఏడు భాగములు ఇతిహాసపురాణ పఠనమునకును కేటాయింపబడినవి. గృహిణి దినమును దీనితో సరిపోల్చినచో రెండు భేదములు స్పష్టముగా కనబడును. పురుషుడు ఉదయమున వేదమును అభ్యసించు వేళకు ఆమె ఇంటిపనియందుండును. మనువు స్త్రీకి వివాహమే ఉపనయనస్థానీయమనియు, పతిసేవయే గురుకులవాసమనియు, గృహకృత్యమే అగ్నిపరిచర్యయనియు చెప్పుటలో ఈ మార్పిడికి మూలము కలదు. ఇది మొదటి భేదము.

రెండవ భేదము భోజనానంతర కాలమునకు సంబంధించినది. అప్పుడు పురుషుడు ఇతిహాసపురాణములు చదువును. గృహిణి మాత్రము శేషించిన పగటిని ఆదాయవ్యయ చింతనముతో గడపవలెనని వ్యాసస్మృతి విధించినది. ఒకే యింటిలో ఒకే వేళయందు ఒకరికి గ్రంథము, మరియొకరికి లెక్క నియతములైనవి. లెక్క చూచుట బుద్ధిపని కాదని ఎవ్వరును చెప్పజాలరు. కావున స్మృతికారులు స్త్రీకి బుద్ధిశక్తి లేదని ఈ విభాగము చేసిరనుట పొసగదు. ఆ శక్తి యింటి హద్దులోపల వినియోగపడవలెనని వారి యుద్దేశము.

భోజనక్రమమునందును ఇట్టి సూక్ష్మాంశము కలదు. మనుస్మృతి ప్రకారము కొత్తగా వివాహమైన వనితలకు, కన్యలకు, రోగులకు, గర్భవతులకు అతిథులకంటె ముందే అన్నము పెట్టవచ్చును. విప్రులును, తనవారును, భృత్యులును భుజించిన పిదప శేషించినదానిని దంపతులు భుజింపవలెను. ఇచట ఇంటి యజమానియు, యజమానురాలును ఒకే విధికి లోబడినవారు. భార్యతో కూడి భుజింపరాదని ఆ స్మృతియే వేరొకచోట నిషేధించినను, అందరికిని పెట్టి కడపట తినుట యను బాధ్యత ఇరువురిదియు నయ్యెను. స్త్రీధర్మపద్ధతియందు ఈ దంపతుల యుమ్మడి బాధ్యతకంటె భర్త భుజించిన పిదప భార్య భుజించుట యను నియమమే ప్రాధాన్యము వహించినది. గృహస్థధర్మముగా నుండినది స్త్రీధర్మముగా మారునప్పుడు కలుగు ఒత్తిడి యెట్టిదో దీనివలన తెలియును.

గృహిణి అధికారము

పై దినచర్యను చదివినవారికి గృహిణి కేవల పరిచారికయే యను తలంపు కలుగవచ్చును. కాని ఈ గ్రంథములే ఆ తలంపును సవరించుచున్నవి. ధనసంగ్రహవ్యయములయందు, శౌచమునందు, పాకమునందు, గృహోపకరణముల పర్యవేక్షణయందు భార్యను నియోగింపవలెనని మనువు చెప్పెను. యాజ్ఞవల్క్యుడు గృహిణికి ఉపకరణములను చక్కబెట్టుట, దక్షత, ప్రసన్నత, మితవ్యయము అను గుణములు చెప్పెను. కామసూత్రమునందలి భార్యాధికారికప్రకరణము ఇంకను విపులము. సంవత్సరాదాయమును గణించి దానికి అనుగుణముగా వ్యయము చేయుట, భృత్యుల వేతనముల నెరుగుట, కృషిపశుపాలనములను కనిపెట్టుట, పెరటియందు కూరగాయల మొక్కలు నాటించుట, విత్తనములను దాచి వేళకు చల్లించుట - ఇవి యన్నియు గృహిణి కృత్యములుగా అందు చెప్పబడినవి.

త్ర్యంబకుడు ఐదవ ప్రకరణమున ఉదాహరించిన కథలలో ద్రౌపదీసత్యభామా సంవాదము ముఖ్యమైనది. అరణ్యపర్వమునందలి ఈ ఘట్టమును తెలుగున ఎఱ్ఱన అనువదించెను. భర్తలు వశవర్తులై యుండుటకు మంత్రమా, మూలికయా కారణమని సత్యభామ అడుగును. ద్రౌపది ఆ ప్రశ్ననే గర్హించి తన నడవడిని వివరించును. భర్తలు భుజింపక తాను భుజింపననియు, వారికంటె ముందే మేల్కొందుననియు చెప్పిన ఆమెయే, వేలకొలది పరిచారికల పేర్లును పనులును తానెరుగుదుననియు, రాజ్యపు ఆదాయవ్యయములు తానొక్కతెయే గమనించుచుంటిననియు చెప్పును. పతివ్రతాదర్శముగా ఈ కథను గ్రహించినవారు దీని పూర్వభాగమునే తరచుగా ఎత్తి చూపుదురు. కాని కోశాగారపు లెక్క చేతిలో నున్న స్త్రీకి గృహమున గల స్థానము సామాన్యమైనది కాదు. సేవయు అధికారమును ఆమె మాటలలో విడదీయరాకుండ పెనవేసికొని యున్నవి.

అయితే ఈ యధికారము స్వతంత్రము కాదు. అది భర్త ధనముపై, అత్తమామల యిల్లుపై, సంతానముపై, సౌమంగల్యముపై ఆధారపడినది. భర్త మరణముతో ఆ యాధారము సడలిపోవును. అందువలననే స్త్రీధర్మపద్ధతి సహగమనమును ప్రశంసించి, వైధవ్యనియమములను కఠినముగా చెప్పినది. నిన్నటివరకు ఇంటి లెక్కలు చూచిన స్త్రీ మరునాడు మంగళకార్యములకు దూరమగుట, శక్తి తగ్గుటచేత గాక స్థానము పోవుటచేత జరిగినది.

స్త్రీస్వభావచర్చ - విద్యాధికారము

శాస్త్రరీతిని అనుసరించి త్ర్యంబకుడు మూడవ ప్రకరణమున పూర్వపక్షమును ఉత్థాపించెను. స్త్రీలు స్వభావముచేతనే దోషయుక్తలు, స్వభావము మారదు, కావున వారికి ధర్మమును ఉపదేశించుట వ్యర్థము అనునది పూర్వపక్షము. ఈ యాక్షేపమును అంగీకరించినచో గ్రంథరచనయే నిష్ఫలమగును. కావున గ్రంథకర్త స్త్రీలయందలి పావనత్వమును, స్త్రీజన్మయందలి విశేషమును చెప్పు వచనములను చూపి, ధర్మోపదేశమునకు వారు అర్హులేయని సిద్ధాంతము చేసెను.

ఈ చర్చ ఆ కాలమున కొత్తగా పుట్టినది కాదు. 6వ శతాబ్దిలో వరాహమిహిరుడు బృహత్సంహితయందు, స్త్రీలకు దోషములు లెక్కించువారిని నిలదీసి, అవే దోషములు పురుషులకును కలవని వాదించెను. కాని త్ర్యంబకుని సిద్ధాంతమునకు ఒక పరిమితి కలదు. ఉపదేశమును వినుటకు స్త్రీ అర్హురాలని చెప్పి అతడు నిలిచెను. శాస్త్రమును చదువుటకు, చెప్పుటకు గల అర్హత వేరొక ప్రశ్న. స్త్రీలు బ్రహ్మవాదినులనియు సద్యోవధువులనియు రెండు విధములనియు, మొదటివారికి ఉపనయనము, వేదాధ్యయనము కలవనియు హారీతుని వచనము నిబంధములందు ఉదాహృతము. దానిని 14వ శతాబ్దిలో మాధవాచార్యుడు పరాశరమాధవీయమున ఉదాహరించి, అది కల్పాంతరవిషయమని సమాధానము చెప్పెను. వచనమును కొట్టివేయక, దాని కాలమును మాత్రము వెనుకకు నెట్టుట ఈ సమాధానమునందలి విశేషము.

కామసూత్రమునందలి విద్యాసముద్దేశప్రకరణము ఈ సందర్భమున స్మరణీయము. స్త్రీలకు శాస్త్రగ్రహణశక్తి లేదను ఆక్షేపమునకు వాత్స్యాయనుడు యుక్తితో పాటు లోకదృష్టాంతమును కూడ చూపెను. శాస్త్రముచేత పదునెక్కిన బుద్ధిగల గణికలు, రాజపుత్రికలు, మహామాత్రుల కుమార్తెలు కలరని ఆతని సమాధానము. అనగా ఆతని దృష్టిలో గణికాగృహము, రాజగృహము, అమాత్యగృహము అను మూడును స్త్రీవిద్యకు నెలవులు. తంజావూరున ఈ మూడింటి గతి యెట్లున్నదో చూచుట అవసరము.

తంజావూరు కవయిత్రులు

రఘునాథనాయకుని కాలమున (1600-1634) రామభద్రాంబ ‘రఘునాథాభ్యుదయము’ అను సంస్కృత మహాకావ్యమును 12 సర్గలలో రచించెను. ఆ యాస్థానమందే మధురవాణి రఘునాథుని తెలుగు రామాయణమును సంస్కృతీకరించెను. తరువాత విజయరాఘవనాయకుని కాలమున (1634-1673) పసుపులేటి రంగాజమ్మ ‘మన్నారుదాసవిలాసము’, ‘ఉషాపరిణయము’ రచించి, రాజుచేత కనకాభిషేక గౌరవము పొందెను. రామభద్రాంబా మధురవాణులు గృహిణులకు చదువ నర్హత లేదన్న భాషలోనే కాదు, ఆ భాషయందలి మహాకావ్యప్రక్రియలోనే రచన సాగించిరి. వారి వ్యాకరణాలంకారపరిజ్ఞానము స్త్రీలకు శాస్త్రగ్రహణశక్తి లేదను వాదమునకు ప్రత్యక్షసమాధానము.

ఈ పరంపర నాయకరాజులతో అంతరింపలేదు. ప్రతాపసింహుని కాలమున (1739-1763) ముద్దుపళని నాలుగాశ్వాసముల ‘రాధికాసాంత్వనము’ రచించెను. ఈ కాలపు తొలిభాగము త్ర్యంబకుని వార్ధకమునకు సమకాలికము. ఒక గ్రంథము గృహిణి సూర్యోదయమునకు పూర్వమే చేయవలసిన పనులను లెక్కించుచుండగా, అదే రాజధానియందు ఒక గణిక స్త్రీహృదయమును ప్రబంధవస్తువుగా చేసినది. ముద్దుపళని తన పితామహి తంజనాయకిని పేర్కొని, ఇంటి స్త్రీల ద్వారా సంక్రమించిన సాహిత్యసంస్కారమును గర్వముతో చెప్పుకొనెను. సాధారణముగా కవులు పితృపితామహుల విద్వత్తును చెప్పుకొను అవతారికయందు పితామహి విద్వత్తు చోటు చేసికొనుట గమనింపదగినది. గణికాగృహమున విద్య ఒక వృత్తిధనము. అది ఒక స్త్రీనుండి మరియొక స్త్రీకి సంక్రమింపనిచో ఆ యింటి జీవనమే నిలువదు.

రాజగృహమున స్త్రీల స్థితి మరియొక తీరుగా నున్నది. 1737-38 సంవత్సరములలో తంజావూరు సింహాసనమున సుజనాబాయి నిలిచెను. ఆమె రెండవ ఏకోజీ భార్య, విధవ. అంతకుముందు మధురలో రాణి మంగమ్మ 1689 మొదలు 1706 వరకు మనుమని పక్షమున రాజ్యము నడపెను. ఆమెయు విధవయే. స్త్రీధర్మపద్ధతి విధవకు చెప్పిన నియమములు రాజ్యావసరము కలిగినప్పుడు రాజగృహమున సడలినవని ఈ యుదాహరణములు తెలుపుచున్నవి.

ఇక మిగిలినది అమాత్యగృహము. వాత్స్యాయనుని జాబితాలో మూడవదైన ఈ గృహమునుండియే స్త్రీధర్మపద్ధతి వెలువడినది. గణికాగృహమునుండి కావ్యములు, రాజగృహమునుండి పాలన వెలువడుచున్న కాలమున, అమాత్యగృహమునుండి స్త్రీలకొరకు వెలువడినది విధిగ్రంథము. దానిని వ్రాసినవాడు పురుషుడు; భాష సంస్కృతము. గ్రంథమునకు లక్ష్యభూతలైన గృహిణులలో దానిని స్వయముగా చదువగలిగినవారు ఎక్కువమంది ఉండియుండరు. పురాణశ్రవణరూపమున, భర్త ముఖతః మాత్రమే అది వారికి చేరవలసియుండెను. అనగా ఏ జ్ఞానమునుండి ఆమె దూరము చేయబడినదో, ఆ జ్ఞానమునందే ఆమె ధర్మము భద్రపరుపబడినది.

అయితే గణికల విద్యను స్వాతంత్ర్యముగా భావించుట తగదు. ఆ విద్యకు రాజాశ్రయము మూలము. రాజాభిమానము తొలగిన దినమున ఆ యాధారము కూడ సడలును. గృహిణి భర్తయింటిపై ఆధారపడినట్లు, ఆస్థానకవయిత్రి రాజుపై ఆధారపడినది. ఈ రెండు ఆశ్రయములకును వెలుపల నిలిచిన స్త్రీగా తరిగొండ వెంగమాంబ (1730-1817) కనబడును. బాలవితంతువైన ఆమె వైధవ్యచిహ్నముల నంగీకరింపక, శ్రీవేంకటేశ్వరుని భర్తగా భావించి, ‘వేంకటాచల మాహాత్మ్యము’, ‘ద్విపద భాగవతము’ మున్నగు గ్రంథములు రచించెను. ఆమె పాతివ్రత్యభావమును త్యజింపలేదు. పతిస్థానమున దైవమును నిలిపి, ఆ ధర్మపు మాటలతోనే ఆ ధర్మపు నిర్బంధమునుండి వెలుపలికి వచ్చెను.

ఉపసంహారము

పై పరిశీలనమువలన ఈ క్రింది విషయములు తేలుచున్నవి. స్త్రీధర్మపద్ధతి 18వ శతాబ్దపు తంజావూరు స్త్రీల యథార్థజీవితచిత్రణము కాదు. అది ఒక యమాత్యుని దృష్టిలోని ఆదర్శగృహపు ప్రణాళిక. ఆ కాలమున ఇతరవిధముల జీవించిన స్త్రీలు అదే నగరమున నుండుటచేత, ఆ ప్రణాళికను చెప్పవలసిన అవసరము మరింత పెరిగియుండును. పూర్వపక్షము లేనిచోట సిద్ధాంతమునకు పనిలేదు.

ఆ సమాజమున స్త్రీకి విద్యాధికారము శక్తినిబట్టి నిర్ణయింపబడలేదు. ఆమె యే గృహమునకు చెందినదో దానినిబట్టి నిర్ణయింపబడినది. గణికయైనచో కావ్యము, రాణియైనచో రాజ్యము, గృహిణియైనచో ఆదాయవ్యయముల లెక్క ఆమెకు లభించినవి. మూడింటను అవసరమైన బుద్ధి ఒకటియే. దాని వినియోగక్షేత్రమే వేరు.

ఈ విభాగపు ఫలితము చిరకాలము నిలిచినది. విద్య గణికాలక్షణముగా భావింపబడుటచేత, కులస్త్రీలకు చదువు చెప్పింపరాదను అభిప్రాయమునకు బలము చేకూరినది. 19వ శతాబ్దిలో స్త్రీవిద్యకై పాటుపడిన కందుకూరి వీరేశలింగము పంతులుగారే ముద్దుపళని కావ్యమును స్త్రీలు వినదగినది కాదని గర్హించుట ఈ సంస్కారమునకు నిదర్శనము. ఆ కావ్యమును 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి వావిళ్లవారి ద్వారా ప్రకటింపగా, 1911లో ప్రభుత్వము నిషేధించినది. ఆ నిషేధము 1947లో టంగుటూరి ప్రకాశము పంతులుగారి మంత్రివర్గకాలమున తొలగినది. గృహిణికి విద్య కావలెనన్నవారు విద్యావతి యగు గణికను విస్మరింప దలచిరి. కాని స్త్రీకి శాస్త్రగ్రహణశక్తి కలదని చూపుటకు తెలుగుదేశపు వాఙ్మయచరిత్రలో వారికి దొరకగల బలవత్తర నిదర్శనము ఆమె రచనయే.

తరగతిగదిలో స్త్రీధర్మప్రకరణములను బోధించునప్పుడు విధివాక్యమును దాని పూర్వపక్షముతో, శాస్త్రమును దాని సమకాలికకావ్యముతో జతపరచి చెప్పుట అవసరము. అట్లు చెప్పినప్పుడే ధర్మశాస్త్రము నిందకు గాని, స్తుతికి గాని సాధనము కాక, ఒక కాలపు ఆలోచనకు ప్రమాణముగా విద్యార్థికి గోచరించును.